నెస్తొరి రక్తం

ఆ శనివారం పొద్దున ఔలిస్ కిటికీలకు చలికాలపు చట్రాలు బిగించాడు. అక్టోబరులోనే అయిపోవాల్సిన పని, వేట హడావిడిలో నవంబరు దాకా వెనకపడింది. అటక మీంచి లోపలి అద్దాల చట్రాలు ఒక్కొక్కటే దింపి, తడిగుడ్డతో తుడిచి, రెండు అద్దాల మధ్య చెమ్మ పీల్చడానికి ఎండిన నాచు పరిచి, సందుల మీద జిగురు రాసిన కాగితపు పట్టీలు అంటించాడు. వంటింటి కిటికీ దగ్గరికొచ్చేసరికి ఒక పట్టీ వంకరగా అంటుకుంది. పీకి మళ్లీ అంటించే ఓపిక అతనికి లేదు. గోటితో గీకి, సగం చింపి, చిరిగిన చోట ఇంకో ముక్క అతికించి, "పోనీలే, మన ఇంటికి చలి కూడా వంకరగానే వస్తుంది" అన్నాడు.

పొయ్యి దగ్గర కాఫీ వంచుతున్న చెల్లెలు సైమి నవ్వింది.

"అరవై ఏళ్లొచ్చాయి. ఒక్క పనైనా చివరిదాకా నిదానంగా చెయ్యవు కదా."

"నిదానమంతా నువ్వే పట్టుకుపోయావు. నాదాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ."

ఆ కాఫీ తాగి, మంచి ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని, కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. అతను చేసిన మామూలు పనుల్లో అదే ఆఖరిది. వేట ముగిశాక వేటగాళ్ల సంఘం వాళ్లు ఊరందరినీ పిలిచి మూస్ దుప్పి మాంసం పులుసు పెట్టే రోజు అది. సైమి వెళ్లలేదు. తాగే చోటికి ఆమె ఎప్పుడూ వెళ్లదు.

వాళ్ల ఊరు కూసిలాహ్తిలో ఔలిస్ గురించి అడిగితే ముందు అతని కత్తి సంగతి చెబుతారు. మనిషి కంటే ఎత్తున్న దుప్పిని కొక్కేనికి వేలాడదీస్తే, చర్మం మీద ఒక్క గాటు పడకుండా చొక్కా విప్పినట్టు విప్పేవాడు. తుపాకీ మాత్రం ముట్టలేదు. అడవిలో కేకలు వేస్తూ దుప్పుల్ని తోలే వాళ్లతో నడిచేవాడు, గురిపెట్టే వాళ్లతో నిలబడేవాడు కాదు. మందు వాసన కూడా ఎరగడు. పెళ్లయినా చావయినా తాగినవాళ్లను ఇళ్లకు చేర్చే కారు అతనిదే. అతని వెనక సీట్లో కక్కుకున్నవాళ్లే మర్నాడు కొట్టు దగ్గర కనిపించి, "పాలు తాగావా బాబూ?" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఇంటికొచ్చి సీటు కడుక్కునేవాడు.

అయితే కుదురైన మనిషేమీ కాదు. ఏదైనా తోచిందంటే ఆ క్షణంలో అయిపోవాలి. ఒకసారి సంతలో పార కొనడానికి వెళ్లి ముసలి గుర్రంతో తిరిగొచ్చాడు. కసాయివాడి బండి ఎక్కుతూ అది తనవైపు చూసిందట. పడవలో వెళ్తూ వెళ్తూ నీళ్లు బాగున్నాయని బట్టలతో దూకేసేవాడు. సంతోషం వస్తే ఇల్లు దద్దరిల్లేది. దిగులు కమ్మితే మంచం మీంచి లేచేవాడు కాదు, సైమి పెట్టిన రై రొట్టె బల్ల మీదే ఎండిపోయేది. ఓయిలి అనే అమ్మాయిని డాన్సులో చూసిన పూటే పెళ్లి చేసుకుందామన్నాడు. ఆమె ఒప్పుకుంది. పెళ్లి దగ్గర పడ్డాక ఆమె ఒకరోజు పుట్టబోయే పిల్లల పేర్లు చెప్పింది. బస్సు స్టాపులో నిలబడి ఉండగానే తెంపేశాడు. "నీకు పిల్లలు కావాలి. నాకు నా పిల్లలంటే భయం" అన్నాడట. ఓయిలి వేరే ఊరి మనిషి. భయం దేనికో ఆమెకు వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ భయం పేరు నెస్తొరి. వాళ్ల నాన్న.

నెస్తొరి పడవలు కట్టేవాడు. ఊళ్లో అంత మెత్తని మనిషి లేడనేవారు. పిల్లల మీద చెయ్యెత్తడం కాదు, గొంతెత్తడం కూడా ఎవరూ చూడలేదు. ఏడాదికి రెండు మూడుసార్లు తాగేవాడు. తాగినప్పుడు మనిషి ఉన్నట్టుండి మారిపోయేవాడు. ఊగడం, వాగడం ఉండేవి కావు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎక్కడో తెగిపోయేవాడు. అందుకే అలాంటి రోజు భార్య హెల్వి పిల్లల్ని బయట ఆడుకోమని, తను సరస్సు ఒడ్డున ఆవిరిస్నానాలు చేసే సౌనా గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేది.

నడివేసవి పండుగ రోజు. ఔలిస్‌కు పదకొండేళ్లు, సైమికి ఏడు. ఒడ్డున మంటలు వేశారు, పొద్దుగుంకని వెలుతురు. నెస్తొరి ఈత కొట్టొచ్చి, తడిబట్టలతో సౌనా తలుపు మీద మెల్లగా తట్టాడు.

"హెల్వీ, చలేస్తోంది. తలుపు తియ్యవూ?"

గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. హెల్వి తీసింది.

కట్టెలు కొట్టే గొడ్డలి ఉండేది ఆ సౌనా వాకిట్లోనే.

మర్నాడు పొద్దున నెస్తొరి గడ్డిలో నిద్రలేచాడు. ఇంటి నిండా పోలీసులు, పక్కింటివాళ్లు. వాళ్లందర్నీ చూసి, "ఇంతమంది వచ్చారు, కాఫీ ఎవరూ పెట్టలేదా?" అన్నాడు. అతనికి ఏమీ గుర్తులేదు. చెప్పాక నమ్మలేదు. నమ్మాక ఇక మాట్లాడలేదు. జైలు ఆసుపత్రిలో ఉండి ఉండి అక్కడే పోయాడు. పోకముందు పరిశోధన కోసం ఎవరో అతని రక్తం తీసి దాచారు.

పిల్లల్ని అమ్మమ్మ పెంచింది. ఔలిస్ మీసాలు వచ్చిన వయసులోనే సౌనా తగలబెట్టి, ఆ బూడిద మీద బంగాళాదుంపలు నాటాడు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఔలిస్ నాన్న పోలిక, నాన్న చేతులు. ముసలివాళ్లు అతని చేతుల వైపు చూసి చూపు తిప్పుకునేవారు.

చాలా ఏళ్లకు హెల్సింకి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, మృదువుగా మాట్లాడుతుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, సైమి పెట్టిన తీపి రొట్టె తింటూ, వచ్చిన పని చెప్పింది.

"మన మెదడులో సెరటోనిన్ అని ఒక రసాయనం ఉంటుందండీ. మనసు కుదురుగా ఉండడం, ఉన్నట్టుండి కోపం రావడం, ఆలోచించకుండా పని చేసెయ్యడం, వీటన్నిటిలో దాని చెయ్యి ఉంది. అది తెచ్చే కబురు అందుకోడానికి కణాల మీద గుమ్మాలు ఉంటాయి, రకరకాలవి. వాటిలో ఒక రకం గుమ్మం కట్టే జన్యువు మీ నాన్నగారిలో దెబ్బతింది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి పనిచెయ్యలేదు."

"అది మాకూ ఉంటుందా?" అని సైమి అడిగింది.

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఒక్కొక్కరికీ సగం అవకాశం. ఇది దాదాపుగా మన ఫిన్లండు వాళ్లలోనే కనిపిస్తుంది. వందలో ఇద్దరికి ఉంటుంది. వాళ్లలో చాలామంది ఎవరికీ ఏ హానీ చెయ్యకుండానే బతికేస్తారు. జన్యువు ఒక్కటే మనిషిని హంతకుణ్ణి చెయ్యదు, ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. కాకపోతే కొంచెం దూకుడు ఉంటుంది. తాగినప్పుడు తమను తాము ఆపుకోవడం వీళ్లకు మరీ కష్టం."

ఔలిస్ చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అంటే మా నాన్న చెడ్డవాడు కాదా?"

"అది చెప్పే పరికరం నా దగ్గర లేదండీ" అంది డాక్టరమ్మ.

అతను ఏడ్చాడు. ఆవిడ రొట్టె పక్కన పెట్టేసింది.

రక్తం ఇచ్చారు. ఫలితం చెప్పడానికి ఇద్దర్నీ హెల్సింకి పిలిచారు. ఔలిస్‌కు ఉంది. సైమికి లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఆగిన చోట ఔలిస్ దిగి, దాల్చినచెక్క బన్నులు బుట్టెడు కొని, ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ పంచాడు. ఒక ముసలాయన ఎందుకని అడిగితే, "ఊరికే" అన్నాడు.

"రోగముందని తేలితే ఎవరైనా ఇంత పండుగ చేసుకుంటారా?" అంది సైమి.

"రోగం కాదే. పేరు. ఇన్నాళ్లూ ఆ పని చేసింది నాన్న అనుకున్నాను. దానికి వేరే పేరుంది."

ఆ రాత్రే ఆమె చేత మాట తీసుకున్నాడు. తను ఎప్పుడైనా, పొరపాటునైనా తాగితే, ఇంటి తలుపు తియ్యకూడదు. తట్టినా తియ్యకూడదు, పేరు పెట్టి పిలిచినా తియ్యకూడదు. "ముఖ్యంగా మెల్లగా పిలిస్తే తియ్యకు" అన్నాడు. సైమి సరేనంది. ఈ మనిషి ఎలాగూ తాగడు, మాటివ్వడంలో పోయేదేముంది అనుకుంది. అతనికి మాత్రం బతుకులో కావాల్సింది ఆ ఒక్కటే అని ఆమెకు తెలుసు. నెస్తొరి ఇంట్లో ఇంకో ఆడది అలా పోకూడదు.

కడుపులో మాట దాచుకోవడం ఔలిస్‌కు చేతకాదు. ఆ వారమే వేటగాళ్ల గుడిసెలో, పులుసు గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్లకు అంతా చెప్పేశాడు, బహుమతి వచ్చినవాడిలా. సంఘానికి పెద్ద రైమో. పక్క పొలం అతనిదే, ఔలిస్‌తో కలిసి బడికెళ్లినవాడు. ముందుగా అతనే నోరు తెరిచాడు.

"ఏరా, ఈ ముక్క ముందే తెలిస్తే రష్యావాళ్లతో యుద్ధంలో మన కుర్రాళ్లంతా చావాల్సిన పనేముంది? మీ నాన్న చేతికి ఒక సీసా ఇచ్చి సరిహద్దులో వదిలేస్తే సరిపోయేది."

గుడిసె పగిలేలా నవ్వారు. ఔలిస్ కూడా నవ్వాడు, అందరికంటే ఆలస్యంగా. అప్పట్నుంచి అతని పేరు సీసా. "సీసాగారు వస్తున్నారు, మూత గట్టిగా పెట్టండ్రా." "సీసా, నన్ను ఇంటిదగ్గర దింపు, గొడ్డలి మాత్రం డిక్కీలో పెట్టు." అతను దింపేవాడు.

సైమి ఒకసారి రైమో ఇంటికే వెళ్లి అడిగింది.

"మా అన్నను అలా పిలవొద్దు రైమో."

"వాడికి లేని బాధ నీకెందుకు? సరదాకంటున్నాం" అన్నాడు రైమో. "అయినా నాకు తెలియక అడుగుతాను, నీకు నిజంగా భయం లేదూ? ఒక్క కప్పు కింద పామును పెట్టుకుని కాపురముంటున్నావు."

సైమి వెనుదిరిగి ఇంటికొచ్చేసింది. ఎందుకంటే భయం ఉంది. హెల్సింకి నుంచి వచ్చినప్పట్నుంచి ఉంది. డాక్టరమ్మ చెప్పిన వాటిలో ఆమెకు మిగిలింది ఒక్క ముక్కే, తాగితే ఆపుకోలేరన్నది. మిగతావన్నీ రొట్టెతోపాటు బల్ల మీదే ఉండిపోయాయి. గొడ్డలి తీసుకెళ్లి నేలమాళిగలో బంగాళాదుంపల కింద పెట్టింది. ఔలిస్ దాన్ని వెతుక్కోలేదు. కొత్తది కూడా కొనలేదు. కట్టెలు కొట్టించుకొచ్చి పేర్చేవాడు.

ఆ శనివారం విందులో ఏం జరిగిందో సైమికి తర్వాత తెలిసింది. ఒక్కొక్కరూ తమకు సంబంధం లేదన్నట్టు ఒక్కో ముక్క చెప్పారు.

పులుసు అయింది, పాటలు అయ్యాయి. మగవాళ్లంతా డబ్బాల బీరు, వోద్కా తాగుతున్నారు. ఔలిస్ ఎప్పటిలాగే కాల్యా తాగుతున్నాడు. పిల్లలు కూడా తాగే ఇంటి పానీయం అది, గోధుమరంగు, తియ్యగా ఉంటుంది. రైమో ఇంట్లో బార్లీతో కాచే సాహ్తి కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, కాకపోతే అది ఎద్దును పడుకోబెట్టేంత మత్తు. దాని రుచి ఔలిస్‌కు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఏ మందు రుచీ తెలియదు. రైమో తనే కూజా తెచ్చి అతని మగ్గు నింపాడు. మళ్లీ నింపాడు. మూడోసారి నింపి, అది ఖాళీ అయ్యేదాకా ఆగి, బల్ల మీద చరిచాడు.

"ఒరేయ్, అందరూ వినండ్రా! సీసా మూత తీశాను. మూడు మగ్గుల సాహ్తి వీడి కడుపులో ఉంది. ఇప్పుడు చూద్దాం నెస్తొరి రక్తం మరుగుతుందో లేదో!"

బెంచీలు జరుపుకుని చుట్టూ చేరారు. ఎవరో వెక్కిరింతగా పిల్లిలా మ్యావ్ అన్నారు. ఒక ఆడమనిషి తన ముందున్న రొట్టె కత్తి తీసి ఎత్తు మీద పెట్టి, కిలకిల నవ్వింది. ఔలిస్ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. గుండె కొట్టుకోవడం స్వెట్టర్ మీంచి కనిపించిందట. చెవులు గింగురుమంటున్నాయన్నాడు, కాళ్లు తనవి కానట్టు ఉన్నాయన్నాడు.

"ఎక్కింది, ఎక్కింది!" అన్నాడు రైమో.

ఔలిస్ నడుముకున్న కత్తి ఒరతో సహా విప్పి రైమో ముందు పెట్టాడు. కారు తాళాలు దాని పక్కన పెట్టాడు. "తాగి నడపకూడదు" అన్నాడు. ఆ మాటకు నవ్వినంత నవ్వు ఏ విందులోనూ ఎప్పుడూ నవ్వలేదని చెప్పారు. కోటు కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

నాలుగింటికే చీకటి పడే రోజులు. సైమి రాత్రి భోజనానికి బంగాళాదుంపలు ఉడకేస్తుండగా ఫోను మోగింది.

"సైమీ, నేను తాగాను."

"ఏంటీ?"

"తాగించారు. గడియ పెట్టుకో. పైగడియ కూడా. నేనొస్తే తియ్యకు. మాటిచ్చావు."

"ఎక్కడున్నావు? అన్నా, ఎక్కడున్నావు?"

"కోటు అక్కడే వదిలేసి వచ్చాను. దూరంగానే ఉంటాను. దిగేదాకా ఒడ్డు వెంబడి నడుస్తాను. నువ్వు తియ్యకు."

ఫోను పెట్టేశాడు. సైమి రెండు గడియలూ వేసింది. వేశాక బీరువా కూడా తలుపుకు అడ్డంగా జరిపింది. ఆ వయసులో, ఆ నొప్పి తుంటితో ఎలా జరిపిందో తర్వాత ఆమెకే అర్థం కాలేదు. అప్పుడు రైమోకు ఫోను చేసింది. వెనక నుంచి పాటలు వినిపిస్తున్నాయి.

"నిజంగా తాగాడా రైమో? నాకు నిజం చెప్పు."

"మూడు మగ్గులు! నా చేత్తో పోశాను" అన్నాడు రైమో నవ్వుతూ. "గొడ్డలి ఎక్కడుందో చూసుకో సైమీ."

"ఎవర్నైనా పంపు. అన్నకు కోటు లేదు."

"నెస్తొరి కొడుక్కి చలేంటే, లోపల పొయ్యి రాజుకుంటుంటే! పడుకో. పొద్దున్నకి దిగిపోతుంది."

ఆమె పడుకోలేదు. బీరువాకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. బంగాళాదుంపల నీళ్లు ఇగిరిపోయి మాడు వాసన వచ్చింది. లేవలేదు.

తలుపు చప్పుడైంది. గట్టిగా కాదు. వేలి కణుపులతో తట్టినట్టు, రెండుసార్లు.

"సైమీ."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సైమీ, నీళ్లలో పడ్డాను. రెల్లు దగ్గర మంచు విరిగింది. చలేస్తోంది. తలుపు తియ్యవూ?"

ఏడేళ్ల వయసులో సౌనా దగ్గర ఉయ్యాల ఊగుతూ నాన్న నోట విన్న మాటే అది, అదే గొంతు, అదే మెత్తదనం. సైమి కదల్లేదు. కదలాలని కూడా అనుకోలేదు. వెళ్లిపో, వెళ్లిపో అని లోలోపల అనుకుంటూ ఉంది. అవతల అతను, తనకు తనే ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు, "మంచిది. బాగా చేశావు. తియ్యకు" అన్నాడు. మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. దిగడంలో తడబాటు ఉంది. తాగినవాడి తడబాటు అనుకుంది.

తెల్లారి వెలుతురు బాగా వచ్చాకే ఆమె బీరువా జరిపింది. ఔలిస్ కట్టెల పాకలో ఉన్నాడు, తను పేర్చిన కట్టెల వరసకు ఆనుకుని, మోకాళ్లు గడ్డానికి చేర్చుకుని. ప్యాంటు నడుము దాకా మంచు కట్టి రేకులా బిగిసిపోయింది. మోచేతుల దాకా చేతులు రెండూ తన బెల్టుతో తనే కట్టుకున్నాడు. ముడి పళ్లతో బిగించినట్టుంది.

చావుకు ఊరంతా వచ్చింది. కాఫీ తాగారు, తీపి రొట్టె తిన్నారు. రైమో శవపేటిక మోసినవాళ్లలో ఉన్నాడు. "ఎంత చేసినా రక్తం రక్తమే, పాపం ఎవరికీ హాని చెయ్యకుండా పోయాడు, అదీ ఒక అదృష్టమే" అని ఒక పెద్దావిడ సైమి చెయ్యి పట్టుకుని చెప్పింది. సైమి తలూపింది. ఆ మాటే ఆమె చలికాలమంతా పట్టుకుని బతికింది. తను తలుపు తీసి ఉంటే అన్న హంతకుడు అయ్యేవాడు. తియ్యలేదు గనక అతను మంచివాడిగానే పోయాడు.

మంచు కరిగే రోజుల్లో పోలీసు కుర్రాడొకడు అన్న ఫోనూ గడియారమూ తిరిగిచ్చి సంతకం తీసుకోడానికి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, మీరు అందరికీ తాగాడని చెబుతున్నారట. అలా చెప్పకండి. రక్తం పరీక్షలో మందు లేదు. చుక్క కూడా లేదు."

సైమి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురదలో నడుచుకుంటూ రైమో ఇంటికి వెళ్లింది. రైమో వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఆమెను చూసి లేవలేదు, తలెత్తలేదు.

"ఆ కూజాలో ఏముంది?"

"కాల్యా" అన్నాడు. "ఉత్త కాల్యా. సరదాకి అన్నాను. చిన్నప్పట్నుంచీ వాణ్ణి నేను..." ఆగిపోయాడు. వల ముడి ఒకటి విప్పి, మళ్లీ వేసి, అన్నాడు: "అసలు నిరుడు నేను సాహ్తి కాయనే లేదు సైమీ. ఆగస్టులోనే బార్లీకి బూజు పట్టింది. అంతా పందులకు పోశాను."

ఆ బూజు సంగతి ఆగస్టు నుంచే ఊరంతటికీ తెలుసు. విందుకు సాహ్తి లేదని నెలల ముందే అందరూ గొణుక్కున్నారు, డబ్బాల బీరు అందుకే తెప్పించారు. తెలియంది తాగని ఆ ఒక్క ఇంటికే.